పెళ్లి డీవీడీలోంచి తాతయ్య మాట్లాడిన ముక్కను క్వాలిటీ పోకుండా కట్ చేయడం

తమ్ముడూ, మిగతావాళ్లకూ అర్థమవ్వాలి కాబట్టి నీ సమస్య ముందు క్లుప్తంగా చెప్తాను. మీది కావలి. 2006లో పెంచలకోనలో జరిగిన మీ అక్క పెళ్లి మూడు డీవీడీల్లో ఉంది. రెండో డిస్కులో మీ తాతయ్య మైకు పట్టుకుని ఏడు నిమిషాలు మాట్లాడారు, మూడో దాంట్లో అప్పగింతలు ఉన్నాయి. తాతయ్య సంవత్సరీకం రోజు ఆ రెండూ టీవీలో వేయాలనుకుంటున్నావు. ఏదో ఫ్రీ కన్వర్టర్‌లో పెడితే మొహాలు మసకబారాయి, చెయ్యి కదిపినప్పుడల్లా దువ్వెన పళ్లలాంటి గీతలు పడుతున్నాయి. డిస్కు పాడైందేమోనని నీ టెన్షన్.

డిస్కు బాగానే ఉంది. నువ్వు రాసిన వివరాల్లోనే సంగతి తెలిసిపోతోంది. కన్వర్టర్ ఇచ్చిన ఫైలు 720×480, సెకనుకు 29.97 ఫ్రేములు, ఏడు నిమిషాలకు 80 ఎంబీ అన్నావు. మన స్టూడియోలు చేసిచ్చే డీవీడీ మన దేశపు టీవీ కొలత అయిన పాల్ (PAL) పద్ధతిలో ఉంటుంది, అంటే 720×576, సెకనుకు 25 ఫ్రేములు. నువ్వు వాడిన సాఫ్ట్‌వేర్‌లో 'డీవీడీ క్వాలిటీ' అని ఉన్న సెట్టింగ్ అమెరికాలో నడిచే ఎన్‌టీఎస్‌సీ కొలత. అది 576 గీతల బొమ్మను 480కి కుదించింది. 25 ఫ్రేములను 30 దాకా లాగడానికి ప్రతి అయిదు ఫ్రేములకు ఒకదాన్ని రెండోసారి వేసింది. మనుషులు నడుస్తుంటే కుదుపుగా కనిపించేది అందుకే. వీటన్నిటికంటే పెద్ద నష్టం బిట్‌రేట్‌లో, అంటే ఒక్కో సెకను వీడియోకు కేటాయించిన డేటాలో జరిగింది. ఏడు నిమిషాలకు 80 ఎంబీ అంటే సెకనుకు 1.5 మెగాబిట్లు. 4.7 జీబీ డిస్కు మీద రెండు గంటల పెళ్లి ఉంటే సగటున సెకనుకు 5 మెగాబిట్ల పైనే ఉంటుంది. ఆ లెక్కన తాతయ్య ముక్క ఉన్నదున్నట్టు బయటికొస్తే 270 ఎంబీ దరిదాపుల్లో ఉండాలి. నీ డిస్కులో మూడు గంటలు కుక్కి ఉంటే 180 ఎంబీ. ఈ లెక్క చేతిలో పెట్టుకో, చివర్లో పని సరిగ్గా జరిగిందో లేదో చూసుకోవడానికి ఇదే ఆధారం.

ఒంగోలులో పెళ్లి వీడియోల మిక్సింగ్ చాలాకాలం చేశాను. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడల్లా నేను చెప్పేది ఒకటే. నీకు కావలసింది కన్వర్షన్ కాదు, కాపీ. డీవీడీలో వీడియో ఎంపెగ్-2 రూపంలో ఇప్పటికే కుదించి ఉంది. దాన్ని విప్పి మళ్లీ కుదిస్తే, ఎంత మంచి సెట్టింగ్ పెట్టినా ఎంతో కొంత పోతుంది. విప్పకుండా, ఉన్న బైట్లను ఉన్నట్టే ఇంకో డబ్బాలోకి మార్చి, కావలసిన చోట తెంపితే ఏమీ పోదు. ఎంకేవీ అనేది అలాంటి ఒక డబ్బా పేరు. లోపలి వీడియో డిస్కు మీద ఎలా ఉందో అలాగే ఉంటుంది. 'ఏ ఫార్మాట్‌లోకి మారిస్తే క్వాలిటీ బాగుంటుంది' అని అడిగావు. మార్చకపోతేనే బాగుంటుంది.

ముందు డిస్కును కంప్యూటర్‌లో పెట్టి ఫోల్డర్లు చూడు. 'వీడియో టీఎస్' అని ఫోల్డర్ ఉంటే అది డీవీడీయే. 'ఎంపెగ్ఏవీ' అని ఉండి లోపల డీఏటీ (.DAT) ఫైళ్లు ఉంటే అది వీసీడీ. ఆ రోజుల్లో మన దగ్గర పెళ్లి సీడీలంటే చాలావరకు వీసీడీలే. అందులో ఉండేది ఎంపెగ్-1, 352×288 బొమ్మ, సెకనుకు 1150 కిలోబిట్లు. దాన్నుంచి అంతకంటే మంచి బొమ్మ ఎవరూ తీయలేరు, తీస్తామని డబ్బులు అడిగేవాళ్లను నమ్మకు. నీవి నిజంగా డీవీడీలే కాబట్టి అదృష్టవంతుడివి.

ఇప్పుడు డిస్కు సంగతి. ఇంట్లో రాసుకునే డీవీడీలో డేటా ఉండేది రంగు పూత మీద. ఎండకు, వేడికి ఆ పూత దెబ్బతింటుంది. మన ఎండాకాలంలో కారు డాష్‌బోర్డు మీద, కిటికీ పక్క షోకేసులో పెట్టిన డిస్కులు చదవకపోవడం మామూలే. బీరువాలో కవరులో ఉన్నవి నిక్షేపంగా చదువుతాయి. తుడవాల్సి వస్తే మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచుకు నిటారుగా తుడువు, గుండ్రంగా తిప్పకు. డేటా గుండ్రంగా రాసి ఉంటుంది కాబట్టి, అదే దారిలో పడిన గీత వరసగా చాలా డేటాను మింగేస్తుంది. అడ్డంగా పడిన గీతను డ్రైవ్ సర్దుకోగలదు. పైన స్టిక్కర్లు అతికించకు, పాత స్టిక్కర్ ఉంటే పీకకు. పీకితే డిస్కు దెబ్బతినవచ్చు.

కట్ చేసే ముందు మూడు డిస్కులకూ పూర్తి ఇమేజ్, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా నకలు తీసుకో. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా ఫైళ్లు లాగి పేస్ట్ చేస్తారు, ఎక్కడో ఒకచోట రీడ్ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. విండోస్‌లో ఇమ్‌గ్‌బర్న్ చాలు. డిస్కు నుంచి ఇమేజ్ ఫైలు తయారుచేసే ఆప్షన్ ఎంచుకుని, రీడ్ స్పీడ్ తగ్గించి పెట్టు. ఐఎస్ఓ ఫైలు వస్తుంది. డిస్కు కవరు మీద 4.7 జీబీ అని ఉన్నా విండోస్ నిండు డిస్కును 4.38 అని చూపిస్తే కంగారు పడకు. రెండూ ఒకటే, లెక్కపెట్టే పద్ధతి వేరు.

ఏదైనా డిస్కు మధ్యలో మొరాయిస్తే దాన్నే పదేపదే తోమకుండా డ్రైవ్ మార్చి చూడు. ఒక డ్రైవ్ చదవనిది ఇంకోటి చదవడం ఈ పనిలో మామూలు విషయం. ల్యాప్‌టాప్‌లో డ్రైవ్ లేకపోతే యూఎస్‌బీకి తగిలించే బయటి డ్రైవ్ కొను, లేదా పాత డెస్క్‌టాప్ ఉన్నవాళ్లను అడుగు. అప్పటికీ కాకపోతే లైనక్స్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాం ఉంది, నాకు అన్నిటికంటే నమ్మకం దానిమీదే. బాగున్న చోట్లన్నీ ముందు గబగబా చదివేసి, చెడ్డ చోట్లకు తర్వాత వస్తుంది. ఏ సెక్టార్ (డిస్కు మీద డేటా ఉండే చిన్న గడి) వచ్చింది, ఏది రాలేదు అన్నది ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది. అదే మ్యాప్ ఫైల్‌తో రెండో డ్రైవ్‌లో మళ్లీ నడిపితే మిగిలిన ఖాళీలను మాత్రమే ప్రయత్నిస్తుంది. ఇలా రెండు మూడు డ్రైవ్‌ల మీద ఒకే డిస్కును ముక్కలు ముక్కలుగా కూడబెట్టవచ్చు. చివరికి నాలుగు సెక్టార్లు రాకపోయినా పెళ్లంతా పోదు, ఒక క్షణం బొమ్మ చెదురుతుంది, అంతే.

ఐఎస్ఓ వచ్చాక లోపల చూస్తే వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు కనిపిస్తాయి. వాటిని నేరుగా కట్ చేయొద్దంటాను. డీవీడీ నియమం ప్రకారం ఒక్కో వీఓబీ 1 జీబీ దాటకూడదు, అందుకని సినిమా మధ్యలోనైనా, మాట మధ్యలోనైనా సరే, అక్కడ ఫైలు తెగిపోతుంది. మీ తాతయ్య ప్రసంగం రెండు ఫైళ్ల మధ్య పడి ఉండే అవకాశం ఉంది. పైగా టైము లెక్కలు డిస్కు మధ్యలో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంటాయి. గంటన్నర వీడియోను ప్లేయర్ పన్నెండు నిమిషాలని చూపించడం, బార్ లాగితే ఇంకెక్కడికో దూకడం నువ్వు చూసే ఉంటావు. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందన్న అసలు చిట్టా ఐఎఫ్ఓ ఫైళ్లలో ఉంటుంది. అందుకని ఆ చిట్టాను చదవగలిగే సాఫ్ట్‌వేర్‌తోనే బయటికి తీయాలి.

దానికి మేక్ఎంకేవీ వాడు. డీవీడీలకు ఉచితమే. ఐఎస్ఓ తెరువు, టైటిళ్ల జాబితా వస్తుంది, పొడవైనదాన్ని టిక్ పెట్టి సేవ్ చెయ్యి. కొన్ని నిమిషాల్లో మొత్తం డిస్కు ఒకే ఎంకేవీ ఫైలుగా వచ్చేస్తుంది, వీడియోను ముట్టుకోదు కాబట్టే అంత తొందరగా అవుతుంది. రెండు నిమిషాలకంటే చిన్న టైటిళ్లను అది మామూలుగా వదిలేస్తుంది. స్టూడియోవాళ్లు అప్పగింతలను చిన్న చిన్న టైటిళ్లుగా పెట్టి ఉంటే సెట్టింగ్స్‌లో ఆ కనీస నిడివి తగ్గించు. మెనూ రాదు, గులాబీ పూల మధ్య వధూవరుల ఫొటో తిరిగే ఆ మెనూ కావాలంటే ఐఎస్ఓలో ఎలాగూ భద్రంగా ఉంది.

ఇక కట్ చేయడం. ఎక్కడ పడితే అక్కడ ఎందుకు తెంపలేమో తెలిస్తే మిగతాదంతా తేలిక. ఎంపెగ్-2లో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఐ-ఫ్రేమ్ మాత్రమే తనంతట తాను నిలబడే పూర్తి బొమ్మ. పి-ఫ్రేమ్ ముందున్నదాన్ని చూసి మార్పును మాత్రమే రాసుకుంటుంది, బి-ఫ్రేమ్ ముందూ వెనకా రెండూ చూస్తుంది. ఒక ఐ-ఫ్రేమ్ నుంచి తర్వాతి ఐ-ఫ్రేమ్ దాకా ఉన్న గుంపును జీఓపీ అంటారు. పాల్ డీవీడీలో ఆ గుంపు 15 ఫ్రేములు దాటకూడదు, మన స్టూడియో డిస్కుల్లో ఎక్కువగా 12 లేదా 15 ఉంటాయి. అంటే అర సెకనుకో, కొంచెం ఎక్కువకో ఒక పూర్తి బొమ్మ దొరుకుతుంది. మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా కట్ చేయాలంటే మొదలు ఆ పూర్తి బొమ్మ దగ్గరే పడాలి. సినిమా ఎడిటర్‌కు అది ఇబ్బంది. నీకేం ఇబ్బంది? తాతయ్య మైకు అందుకోవడానికి అర సెకను ముందు మొదలైతే ఎవరూ గమనించరు.

ఈ పనికి ఎవిడీమక్స్ బాగుంటుంది, ఉచితం. ఎంకేవీ తెరిచి, ఎడమవైపు వీడియో 'కాపీ', ఆడియో 'కాపీ', కింద మక్సర్ దగ్గర (బయటికొచ్చే ఫైలు ఏ డబ్బాలో ఉండాలో చెప్పే చోటు) ఎంకేవీ పెట్టు. మొదటి రెండూ కాపీలో లేకపోతే ఇంత పనీ వృథా, కాబట్టి సేవ్ చేసే ముందు ఇంకోసారి చూసుకో. కీబోర్డులో పై బాణం, కింద బాణం నొక్కితే ఐ-ఫ్రేముల మీదుగా దూకుతుంది, పక్క బాణాలు ఒక్కో ఫ్రేము జరుపుతాయి. ఇప్పుడు ఏ రకం ఫ్రేము మీద ఉన్నావో కిందనే చూపిస్తుంది. ముక్క మొదలయ్యే చోట ఐ-ఫ్రేమ్ మీద నిలబడి 'ఎ' గుర్తు, ముగిసే చోట 'బి' గుర్తు పెట్టి సేవ్ చెయ్యి. చివరను కూడా ఐ-ఫ్రేమ్ దగ్గరే ఆపితే ఏ పేచీ ఉండదు.

మొదటి ఒకటి రెండు ఫ్రేములు చెదిరినట్టు కనిపించవచ్చు. ఆ జీఓపీలో మొదట వచ్చే బి-ఫ్రేములు తెగిపోయిన వెనక గుంపును చూస్తుండటం వల్ల అలా అవుతుంది. ఇంకో ఐ-ఫ్రేమ్ వెనక్కి జరిగి, ఏమీ జరగని ఖాళీ క్షణంలో మొదలుపెడితే ఆ చెదురు ఎవరి కంటా పడదు. శబ్దం సంగతంటావా, డీవీడీల్లో వాడే ఏసీ-3 రకం ఆడియో 32 మిల్లీసెకన్ల ముక్కలుగా ఉంటుంది కాబట్టి పెదవులకూ మాటకూ తేడా తెలిసేంతగా తప్పదు.

లాస్‌లెస్‌కట్ అనే కటింగ్ సాఫ్ట్‌వేర్ పేరు కూడా రాశావు. మంచిదే, పని ఇంకా తేలిక. కానీ ఎంపెగ్-2ను అది నేరుగా చూపించలేక ప్రివ్యూను నాసిగా చూపిస్తుంది. అవుట్‌పుట్ అసలు ఫైలు నుంచే వస్తుంది, కాబట్టి స్క్రీన్ మీద బొమ్మను చూసి బెదరకు. కమాండ్ టైపు చేసి వాడే ఎఫ్ఎఫ్ఎంపెగ్ వచ్చినవాళ్లకు నేను చెప్పేదేముంది, కోడెక్ దగ్గర 'కాపీ' అని రాస్తే అదే పని చేస్తుంది.

ప్రసంగం మధ్యలో ఎవరో కెమెరాకు అడ్డం వచ్చిన చోట సరిగ్గా ఫ్రేము లెక్కన తీసేయాలంటే స్మార్ట్ రెండరింగ్ అనే పద్ధతి ఉంది. కట్ పడిన ఆ ఒక్క గుంపునే మళ్లీ ఎన్‌కోడ్ చేసి, మిగతాదంతా కాపీ చేస్తుంది. టీఎమ్‌పెగ్ఎన్క్ వాళ్ల ఎంపెగ్ స్మార్ట్ రెండరర్ ఇందుకోసమే ఉంది, డబ్బులు పెట్టి కొనాలి. ఒక్క సంవత్సరీకం కోసం ఆ ఖర్చు నేనైతే పెట్టను.

తర్వాత ఫైలు వివరాలు చూపించే మీడియాఇన్ఫోలో కొత్త ఫైలు తెరిచి చూడు. ఎంపెగ్ వీడియో, 720×576, 25 ఫ్రేములు, ఇంటర్లేస్డ్ అని ఉండాలి, సైజు పైన చెప్పిన లెక్కకు దగ్గరగా ఉండాలి. అలా ఉంటే డిస్కులో ఉన్నదే నీ చేతిలో ఉంది.

ఆ దువ్వెన గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి లోపం కాదు. పాల్ వీడియో సెకనుకు 50 సగం బొమ్మలు. ఒకసారి బేసి గీతలు, ఒకసారి సరి గీతలు. ఇంటర్లేస్డ్ అంటే ఇదే. పాత పిక్చర్ ట్యూబ్ టీవీ వాటిని ఒకదాని తర్వాత ఒకటి గీసేది. కంప్యూటర్ రెండు సగాలనూ ఒకేసారి కలిపి చూపిస్తుంది, ఆ రెండింటి మధ్య చెయ్యి కదిలి ఉంటుంది కాబట్టి అంచులు దువ్వెనలా విడిపోతాయి. వీఎల్‌సీలో డీఇంటర్లేస్ ఆన్ చేసి, మోడ్ యాడిఫ్ 2ఎక్స్ పెట్టి చూడు, గీతలు పోవడమే కాక కదలిక కూడా నునుపుగా వస్తుంది. టీవీ ఈ పని తనే చేసుకుంటుంది. కాపీ పద్ధతిలో తీసి దాచుకున్న మాస్టర్ ఫైలులో మాత్రం వీటిని పోగొట్టకు, ఒకసారి పోగొడితే సగం కదలిక తిరిగి రాదు.

మనుషులు లావుగానో సన్నగానో కనబడితే అది 720×576ను ఉన్న కొలతలోనే చూపించడం వల్ల. 4:3 వీడియో అయితే అది 768×576గా పరుచుకోవాలి, 16:9 అయితే 1024×576గా. ఆ సూచన ఫైలులోనే ఉంటుంది, కాపీ చేస్తే దానితోపాటే వస్తుంది. కన్వర్టర్లు దాన్ని తరచుగా పోగొడతాయి.

అమెరికాలో ఉన్న మీ అక్కకు ఫోన్‌లో పంపాలన్నావు. అప్పుడు మాత్రం కన్వర్ట్ చెయ్యి, మాస్టర్ పక్కన పెట్టుకుని విడిగా ఒక కాపీకి. హ్యాండ్‌బ్రేక్ అనే కన్వర్టర్‌లో హెచ్.264, క్వాలిటీ ఆర్ఎఫ్ 18, డీఇంటర్లేస్‌లో బాబ్ రకం (ప్రతి సగం బొమ్మనూ ఒక పూర్తి ఫ్రేముగా చేసేది), ఫ్రేమ్‌రేట్ 50. అలా చేశాక కదలిక ముందుకూ వెనక్కూ ఊగుతున్నట్టుంటే ఫీల్డ్ ఆర్డర్, అంటే ఏ సగం బొమ్మ ముందు రావాలన్న వరస తప్పిందని అర్థం. చిన్న క్యాసెట్ మీద రికార్డు చేసే మినీ డీవీ కెమెరాలు కింది గీతల సగాన్ని ముందు రాస్తాయి. మిక్సింగ్‌లో డీవీడీ చేసేటప్పుడు పైసగం ముందని గుర్తు పెట్టేసిన డిస్కులు చాలానే ఉన్నాయి. ఫీల్డ్ ఆర్డర్ తిప్పి మళ్లీ చెయ్యి, సర్దుకుంటుంది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్లీ పిండేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపు. 2 జీబీ దాకా వెళ్తుంది.

4కె చేయించమని ఎవరో సలహా ఇచ్చారని రాశావు. ఏఐతో మొహాలు స్పష్టం చేసే సాఫ్ట్‌వేర్లు లేని వివరాలను ఊహించి పూరిస్తాయి. కొండనో గోపురాన్నో అలా పూరిస్తే ఇబ్బంది లేదు. తాతయ్య మొహంలో ముడతలు ఆయనవి కాకుండా ఇంకెవరివో వస్తే సంవత్సరీకం నాడు మీ నాయనమ్మ ముందు ఎలా వేస్తావు? నా వరకు నేను ఒప్పుకోను.

దానికంటే, పెళ్లి తీసిన స్టూడియో ఇంకా ఉంటే వెళ్లి అసలు క్యాసెట్లు ఉన్నాయేమో అడుగు. మినీ డీవీ క్యాసెట్‌లో వీడియో సెకనుకు 25 మెగాబిట్లు, డీవీడీలో ఉన్నదానికి దాదాపు అయిదు రెట్లు. చాలామంది క్యాసెట్ల మీద ఇంకో పెళ్లి తీసేసేవాళ్లు, కాబట్టి ఆశ పెద్దగా పెట్టుకోకు. కానీ దొరికితే ఇంకో లాభం కూడా ఉంది. మిక్సింగ్‌లో అప్పగింతల మీద అసలు శబ్దం తీసేసి సినిమా పాట వేయడం అప్పటి అలవాటు. నీ మూడో డిస్కులో పాటే వినిపిస్తుంటే, మీ అమ్మ ఏడుస్తూ అన్న మాటలు డీవీడీలో ఎక్కడా లేవు, ఏ సాఫ్ట్‌వేరూ వెలికి తీయలేదు. క్యాసెట్‌లో ఉండవచ్చు. ఆ పాట ఉన్న ముక్కను యూట్యూబ్‌లో పెడితే కాపీరైట్ క్లెయిమ్ వచ్చే అవకాశం కూడా ఎక్కువ.

కింద కామెంట్లలో ఒకాయన, ఇదే పద్ధతిలో కొన్న సినిమా డీవీడీలు కూడా తీయవచ్చా అని అడిగారు. వాటికి సీఎస్ఎస్ అనే తాళం ఉంటుంది, పెళ్లి డిస్కులకు ఉండదు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో అలాంటి తాళం తీయడం కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్ ప్రకారం నేరం. ఆ సంగతి ఇక్కడ చర్చించను.

టీవీ దగ్గర ఒక్క మాట. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. పూర్తి డిస్కు ఎంకేవీ ఎక్కకపోవచ్చు, నీ రెండు ముక్కలూ హాయిగా పడతాయి. ఎంపెగ్-2 ఉన్న ఎంకేవీని చాలా స్మార్ట్ టీవీలు ఆడిస్తాయి, కొన్ని బొమ్మ చూపించి శబ్దం రానివ్వవు. కాబట్టి వేసే టీవీలోనే ముందురోజు పెట్టి చూడు. ఆడకపోతే హ్యాండ్‌బ్రేక్ కాపీ కూడా అదే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకో. మూడో డిస్కు ఏ డ్రైవ్‌లోనూ చదవకపోతే డీడీరెస్క్యూ మ్యాప్ ఫైల్‌లో ఏముందో ఇక్కడ పెట్టు, చూసి చెప్తాను.